కారవాన్ టాయిలెట్‌లో బ్లూనా, గ్రీనా? ముందు ఖాళీ చేసే చోటు చూడండి

మీ ప్రశ్న ఇదీ. ఇంగ్లండ్‌లో కారు వెనక తగిలించుకుని లాగే కారవాన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. క్యాసెట్ టాయిలెట్, అంటే కింద ఉన్న డబ్బాని (క్యాసెట్‌ని) బయటికి తీసి ఖాళీ చేసే టాయిలెట్, వాడటం ఇదే మొదటిసారి. షాపులో నీలం, ఆకుపచ్చ, గులాబీ రంగు సీసాలు కనిపిస్తే ఏది తీసుకోవాలో తెలియక నీలం తెచ్చుకున్నారు. దాని మూతతో ఒక మూత పోసి లేక్ డిస్ట్రిక్ట్ వెళ్తే రెండో రోజు సాయంత్రానికే వాసన మొదలైంది. బట్టలుతికే లిక్విడ్ పోస్తే చాలని ఒక స్నేహితుడు చెప్పారు. ఆగస్టులో ఇద్దరు పిల్లలతో, ఇండియా నుంచి వస్తున్న అత్తమామలతో వేల్స్‌లో ఒక పొలం సైట్‌కి, అంటే పొలంలో కారవాన్లు నిలుపుకునే చోటుకి, వెళ్లబోతుంటే, "నీలం రంగు లిక్విడ్ మా దగ్గర వాడొద్దు" అని సైట్ వాళ్లు మెయిల్ పెట్టారు. ఇప్పుడేం చేయాలి అన్నది మీ టెన్షన్.

నేను ఈ దేశంలో పన్నెండేళ్లుగా కారవాన్ లాగుతున్నాను, ఇది నా రెండో కారవాన్. ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైన విషయం ఒకటి ఉంది. ఏ లిక్విడ్ కొనాలన్నది మన టాయిలెట్‌ని బట్టి తేలదు, ఆ క్యాసెట్‌ని తీసుకెళ్లి ఎక్కడ ఖాళీ చేస్తామన్నదాన్ని బట్టి తేలుతుంది. ఇక వాసన సంగతి వేరు. చాలాసార్లు దానికి కారణం లిక్విడ్ రకం కాదు. కొలత తప్పడం, రబ్బరు సీల్ ఎండిపోవడం, లేదా క్యాసెట్‌ని ఎక్కువ రోజులు అలాగే ఉంచేయడం.

ముందు రంగుల సంగతి. నీలం, ఆకుపచ్చ రెండూ కింద ఉండే క్యాసెట్‌లో, అంటే మలమూత్రాలు చేరే డబ్బాలో పోసేవి. గులాబీ రంగుది పైన ఫ్లష్ నీళ్లలో కలిపేది. అది నీళ్లు పాచి పట్టకుండా చూస్తుంది, గిన్నె నున్నగా ఉండి మురికి అంటకుండా చేస్తుంది, బ్లేడ్ (గిన్నెకీ క్యాసెట్‌కీ మధ్య తెరిచి మూసే పలక) చుట్టూ ఉన్న రబ్బరుకి కాస్త జారుడుతనం ఇస్తుంది. కింది క్యాసెట్‌లో వాసనని అది ఆపలేదు. గులాబీ సీసా కొనేముందు ఒకటి చూసుకోండి. మీ టాయిలెట్‌కి వేరే ఫ్లష్ ట్యాంక్ ఉందా, లేక వంటకీ స్నానానికీ వాడే నీళ్ల ట్యాంక్ నుంచే ఫ్లష్ వస్తుందా? రెండు రకాలూ ఉన్నాయి. తాగే నీళ్ల ట్యాంక్ నుంచి వచ్చేదైతే గులాబీ లిక్విడ్ జోలికి అసలు వెళ్లొద్దు. అది కుళాయిలోకి వస్తుంది. బయట గోడకి టాయిలెట్ కోసం విడిగా నీళ్లు పోసే మూత ఉంటే మీది మొదటి రకం.

ఇప్పుడు నీలం. దాని పని సూక్ష్మజీవుల్ని చంపడం. మలాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా చచ్చిపోతే గ్యాస్ పుట్టదు, గ్యాస్ పుట్టకపోతే వాసన రాదు, క్యాసెట్ లోపల ఒత్తిడి పెరగదు. పాత తరం నీలం లిక్విడ్లలో ఇందుకోసం ఫార్మాల్డిహైడ్ వాడేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఇప్పుడు చాలా సీసాల మీద "ఫార్మాల్డిహైడ్ లేదు" అని రాసి ఉంటుంది. దాని బదులు బ్రోనోపాల్ లాంటి వేరే క్రిమిసంహారకాలు ఉంటాయి. ఫార్మాల్డిహైడ్ లేదంటే బ్యాక్టీరియాకి హాని లేదని అర్థం కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

నేనూ పొరబడ్డాను. రెండో ఏడాది వేల్స్‌లోనే ఒక చిన్న పొలం సైట్‌లో నీలం లిక్విడ్ పోసిన క్యాసెట్‌ని తీసుకెళ్లి అక్కడి డిస్పోజల్ పాయింట్‌లో ఖాళీ చేస్తుంటే ఆ రైతు వచ్చి చూశాడు. కోప్పడలేదు. నన్ను వెనక గడ్డిలోకి తీసుకెళ్లి సెప్టిక్ ట్యాంక్ మూత చూపించి, అది ఎలా పనిచేస్తుందో ఓపికగా చెప్పాడు. మన ఊళ్లలో ఇంటి వెనక ఉండే సెప్టిక్ ట్యాంక్ లాంటిదే అది. లోపల ఉండే బ్యాక్టీరియా మలాన్ని తిని కరిగిస్తేనే అది నడుస్తుంది. ఐదు కారవాన్ల వాళ్లు వారం పాటు నీలం లిక్విడ్ పోస్తే ఆ బ్యాక్టీరియా దెబ్బతింటుంది. గట్టి పదార్థం కరగకుండా పేరుకుంటుంది, కొంత అవతలి పైపుల్లోకి వెళ్లి, నీళ్లు ఇంకే మట్టిని మూసేస్తుంది. తర్వాత ట్యాంకర్ పిలిపించి తోడించాలి, ఒక్కోసారి పైపులు తవ్వి మార్చాలి. ఆ ఖర్చంతా రైతుదే. ఆ రోజు నుంచి నేను ఎక్కడికి బుక్ చేసినా "మీ డిస్పోజల్ పాయింట్ మెయిన్ డ్రైనేజ్‌కా (ఊరి మురుగు పైపులకా), సెప్టిక్ ట్యాంక్‌కా" అని ముందే అడుగుతాను.

మీకు మెయిల్ పెట్టింది కూడా అందుకే. ఇక్కడ ఐదు కారవాన్లకు మించకుండా నడిచే చిన్న సైట్లు వేలల్లో ఉన్నాయి. 1960 నాటి కారవాన్ సైట్ల చట్టం ఇచ్చిన మినహాయింపు కింద పెద్ద క్లబ్‌లు వాటికి గుర్తింపు ఇస్తాయి. కారవాన్ అండ్ మోటర్‌హోమ్ క్లబ్ వాళ్లవైతే సీఎల్ (సర్టిఫికేటెడ్ లొకేషన్) అంటారు, క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్ వాళ్లవైతే సీఎస్ (సర్టిఫికేటెడ్ సైట్) అంటారు. ఎక్కువగా పొలాల్లోనే ఉంటాయి కాబట్టి చాలాచోట్ల సెప్టిక్ ట్యాంకే. పట్నం దగ్గరి పెద్ద సైట్లలో మెయిన్ డ్రైనేజ్ ఉంటే నీలం వాడుకోవచ్చు, అభ్యంతరం ఉండదు.

ఆకుపచ్చది ఎంజైములతోనో, బ్యాక్టీరియాకి హాని చేయని ఇతర పదార్థాలతోనో పనిచేస్తుంది. కొన్నిటిలో నైట్రేట్ ఉంటుంది. బ్యాక్టీరియా సల్ఫేట్ బదులు ఆ నైట్రేట్‌ని వాడుకోవడంతో కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టదు. చంపకుండానే వాసన ఆపడం అంటే ఇదే. కానీ సీసా రంగు చూసి నమ్మేయకండి. రంగుల మీద చట్టం ఏమీ లేదు, అది వ్యాపారంలో ఏర్పడిన అలవాటు. వెనక లేబుల్ మీద "సెప్టిక్ ట్యాంక్‌కి సురక్షితం" అని స్పష్టంగా ఉండాలి. మంచి కంపెనీలు ఐఎస్ఓ 11734 పరీక్ష ప్రస్తావన కూడా ఇస్తాయి. గాలి లేని చోట పదార్థం ఎలా విచ్ఛిన్నమవుతుందో చూసే పరీక్ష అది, సెప్టిక్ ట్యాంక్ లోపలా అలాంటి వాతావరణమే. థెట్‌ఫర్డ్ వాళ్ల ఆక్వా కెమ్ గ్రీన్, ఎల్సాన్ వాళ్ల ఆకుపచ్చ రకం దాదాపు ప్రతి కారవాన్ షాపులోనూ దొరుకుతాయి. ఎల్సాన్ అనే మాట మీకు సైట్లలో తరచూ వినిపిస్తుంది. 1924లో మొదలైన బ్రిటిష్ కంపెనీ అది, రెండో ప్రపంచ యుద్ధంలో లాంకాస్టర్ బాంబర్ విమానాల్లో కూడా వాళ్ల టాయిలెట్లే ఉండేవి. అందుకే ఇక్కడి పాతవాళ్లు డిస్పోజల్ పాయింట్‌ని ఏ కంపెనీ లిక్విడ్ వాడినా "ఎల్సాన్ పాయింట్" అనే పిలుస్తారు.

నా మాట అడిగితే, ఒకే సీసా కొనుక్కోండి, అది ఆకుపచ్చదే కొనుక్కోండి. మెయిన్ డ్రైనేజ్‌లో ఆకుపచ్చ పోస్తే ఏ నష్టమూ లేదు. సెప్టిక్ ట్యాంక్‌లో నీలం పోస్తే నష్టం ఉంది. బాగా ఎండలు కాసే రోజుల్లో నీలం ఒక రోజు ఎక్కువ తట్టుకుంటుంది, అది నిజమే. కానీ ఆ ఒక్క రోజు కోసం రెండు సీసాలు మోసుకుని, ఏ సైట్‌లో ఏది అని గుర్తుపెట్టుకునే పని పెట్టుకోవడం నాకు అనవసరం అనిపిస్తుంది. క్యాసెట్ రెండు రోజులకోసారి ఖాళీ చేస్తే ఆకుపచ్చే సరిపోతుంది. ఇంట్లో మిగిలిన నీలాన్ని ఆకుపచ్చతో కలపకండి. ఒకటి జీవుల్ని చంపేది, ఇంకొకటి వాటితో పని చేయించుకునేది.

మీకు రెండో రోజే వాసన ఎందుకు వచ్చిందంటే, ఒక మూత సరిపోదు. క్యాసెట్లు చాలా మోడళ్లలో 17 నుంచి 20 లీటర్ల మధ్య పడతాయి. మామూలు లిక్విడ్లకు లేబుల్ మీద 20 లీటర్లకు 100 నుంచి 150 మి.లీ. దాకా రాసి ఉంటుంది, గాఢత ఎక్కువ ఉన్న రకాలకు అంతకంటే తక్కువ. మీ సీసా వెనక ఉన్న అంకె చూసి దాని ప్రకారమే పోయండి. పిల్లల దగ్గు మందుతో వచ్చే లాంటి చిన్న కొలత కప్పు ఒకటి దీనికోసమే పెట్టుకుని, దాని మీద గుర్తు రాసుకోండి. 150 చొప్పున 2 లీటర్ల సీసా పదమూడు సార్లు వస్తుంది. రెండింతలు పోస్తే రెండింతల రోజులు వస్తుందనుకోవద్దు, అలా రాదు.

పోసే పద్ధతి కూడా ముఖ్యం. గిన్నెలోంచి పోయకండి. గాఢమైన లిక్విడ్ నేరుగా బ్లేడ్ చుట్టూ ఉన్న రబ్బరు మీద పడి, అక్కడే నిలిచి, కాలక్రమేణా దాన్ని పాడుచేస్తుంది. గిన్నెకి మరకలు పడతాయి. క్యాసెట్‌ని బయటికి తీసి, తిరిగే గొట్టం మూత విప్పి, అందులోంచి లిక్విడ్ పోసి, మీద రెండు మూడు లీటర్ల నీళ్లు పోయండి. ఆ నీళ్లు తప్పనిసరి. అడుగున నీళ్లు లేకపోతే మొదటి రోజు పడినదంతా ప్లాస్టిక్‌కి అంటుకుని ఎండిపోతుంది, తర్వాత ఏ లిక్విడ్ పోసినా అక్కడిదాకా చేరదు. బయల్దేరే ముందే పోసేస్తే దారి పొడవునా కుదుపులకి ఆ నీళ్లు లోపలంతా తిరిగి గోడలు తడుపుతాయి. నిండిన క్యాసెట్‌తో మాత్రం ఎప్పుడూ ప్రయాణం పెట్టుకోవద్దు.

ప్యాకెట్ల రూపంలో కూడా దొరుకుతాయి, నీళ్లలో కరిగే పొరలో మందు ఉంటుంది. కొలత గొడవ లేదు. కానీ తడి చేతులతో పట్టుకుంటే చేతిలోనే కరుగుతుంది. రంగు చూసి చాక్లెట్ అనుకునే వయసు పిల్లలుంటే వాటిని అందని ఎత్తులో, తాళం ఉన్న అరలో పెట్టండి. లిక్విడ్ సీసాలకూ అదే జాగ్రత్త.

బట్టలుతికే లిక్విడ్ గురించి మీ స్నేహితుడు చెప్పినది పూర్తిగా తప్పు కాదు. బయో రకంలో ఎంజైములు ఉంటాయి, మలాన్నీ పేపర్‌నీ కొంత విడగొడతాయి, సువాసన కూడా ఉంటుంది. చల్లటి రోజుల్లో, ఒకటి రెండు రోజులకి ఫర్వాలేదు. నేనే ఒకసారి లిక్విడ్ అయిపోయినప్పుడు వాడాను. ఇబ్బంది ఏంటంటే అది వాసనని సువాసనతో కప్పుతుంది, గ్యాస్‌ని ఆపదు. ఆగస్టు ఎండలో మూసి ఉన్న కారవాన్‌లో ఆ రెండూ కలిసి వచ్చే వాసన భరించడం కష్టం. నురగ ఎక్కువైతే ఖాళీ చేసేటప్పుడు కడగడానికి చాలా నీళ్లు పడతాయి. టాయిలెట్ తయారుచేసే కంపెనీలు దీన్ని సిఫార్సు చేయవు. దగ్గర్లో షాపు లేనప్పటి మాట అంతే, రోజువారీకి వద్దు.

ఇక మన ఇళ్ల అలవాట్ల గురించి గట్టిగా చెప్పాలి. మనకి టాయిలెట్ అంటే ఫినాయిల్, యాసిడ్, హార్పిక్, బ్లీచింగ్ పౌడర్. అత్తగారు వచ్చినప్పుడు శుభ్రంగా లేదనిపించి ప్రేమతోనే వాటిలో ఏదో ఒకటి పోస్తారు. ముందే చెప్పి ఉంచండి. బ్లీచ్ రబ్బరు సీల్‌ని పాడుచేస్తుంది. అంతకంటే ప్రమాదం, మూత్రంలోని అమ్మోనియాతో కలిసి క్లోరమీన్ అనే ఘాటైన విష వాయువు పుడుతుంది. ఆ చిన్న గదిలో, కిటికీ మూసి ఉంటే అది ఊపిరితిత్తులకి హాని. ఫినాయిల్ సెప్టిక్ ట్యాంక్‌కి నీలం లిక్విడ్ కంటే మంచిదేమీ కాదు. గిన్నె తుడవడానికి ప్లాస్టిక్ టాయిలెట్ల కోసమే అమ్మే క్లీనర్, లేదా గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, మెత్తటి బట్ట. గరుకు పీచు వద్దు, గీతలు పడితే వాటిలో మురికి ఉండిపోతుంది.

రెండోది నీళ్లు. మా మామయ్య, అత్తయ్య రాజమండ్రి నుంచి వచ్చి మాతో డెవన్‌కి వచ్చినప్పుడు క్యాసెట్ ఒక్క రోజులో నిండిపోయింది. లెక్క చూడండి. క్యాసెట్‌లో ముందు పోసిన నీళ్లు పోగా సుమారు 15 లీటర్ల చోటు మిగులుతుంది. ఒక్కొక్కరూ మగ్గుతో లీటరు, ఫ్లష్‌కి అర లీటరు వాడితే పది సార్లకే నిండుతుంది, అది కూడా శరీరం నుంచి వచ్చేది కలపకుండానే. మీరు ఆరుగురు. పెద్దవాళ్లని పేపర్‌తో సరిపెట్టుకోమని చెప్పలేం, చెప్పకూడదు కూడా. మేం చేసిన పని ఏంటంటే, నొక్కితే సన్నటి ధార వచ్చే ప్లాస్టిక్ సీసాలు మనిషికొకటి కొన్నాం. 300 మి.లీ. పడతాయి. ఆ ధారకి అంత నీళ్లు చాలు. మొదట అత్తయ్య ఇబ్బంది పడ్డారు, రెండో రోజుకి అలవాటైంది. మలవిసర్జనకి వీలైనంతవరకు సైట్ టాయిలెట్ బ్లాక్ వాడటం, రాత్రిళ్లూ అత్యవసరానికీ కారవాన్‌ది వాడటం అని కూడా పెట్టుకున్నాం. మీ పొలం సైట్‌లో టాయిలెట్ బ్లాక్ ఉండకపోవచ్చు, ముందే కనుక్కోండి. లేకపోతే రోజుకోసారి ఖాళీ చేయడానికి సిద్ధపడండి, లేదా రెండో క్యాసెట్ ఒకటి కొనిపెట్టుకోండి.

తడి తుడుపు కాగితాలు, "ఫ్లష్ చేయొచ్చు" అని రాసి ఉన్నవి కూడా, లోపల వేయొద్దు. అవి కరగవు, బ్లేడ్‌కి అడ్డం పడతాయి. టాయిలెట్ పేపర్ ప్రత్యేకంగా కారవాన్‌కని అమ్మేదే కొనాలని నేను అనను. ఒక గాజు సీసాలో నీళ్లు పోసి రెండు ముక్కలు వేసి ఊపి చూడండి. పొడిపొడిగా విడిపోతే చాలు. మందంగా మూడు పొరలున్న మెత్తటిది మాత్రం వద్దు.

ఖాళీ చేయడం మీ ఇద్దరిలో ఎవరు చేసినా ఒకసారి ఉత్త నీళ్లతో ఇంటి దగ్గర సాధన చేయండి. రబ్బరు గ్లౌజులు వేసుకోండి. గొట్టాన్ని కిందికి వంచిన తర్వాత, దాని దగ్గర్లో ఉండే చిన్న గాలి బటన్‌ని బొటనవేలితో నొక్కి పట్టుకుని పోయాలి. అది నొక్కితే గాలి లోపలికి వెళ్లి ధార నిలకడగా వస్తుంది. నొక్కకపోతే గుటుకు గుటుకుమని చిమ్ముతుంది. నిండిన క్యాసెట్ 20 కిలోల దాకా బరువుంటుంది, నడుము నొప్పి ఉన్నవాళ్లు ఎత్తకుండా చక్రాలతో లాక్కెళ్లడమే మంచిది. పోసిన తర్వాత కొంచెం నీళ్లు పట్టి, మూత పెట్టి, ఊపి, మళ్లీ పారబోయండి. రెండుసార్లు చేస్తే చాలు. అక్కడున్న గొట్టం కడగడానికే, తాగే నీళ్ల కుళాయి దగ్గర క్యాసెట్‌ని ఎప్పుడూ కడగొద్దు. వేరే కుటుంబం ఆ కుళాయికే బిందె పెడుతుంది. రోడ్డు పక్క జాలీ కాలువలో ఎవరూ చూడకుండా పోసేవాళ్లని చూశాను. ఆ కాలువల్లో చాలావరకు వాన నీళ్లవి, శుద్ధి లేకుండా నేరుగా వాగులోకి వెళ్తాయి.

మీది పాత కారవాన్ కాబట్టి కొలత సరిచేసినా వాసన పూర్తిగా పోకపోతే అనుమానించాల్సింది బ్లేడ్ రబ్బరుని. బ్లేడ్ మూసి, గిన్నెలో కాసిని నీళ్లు పోసి, అరగంట ఆగి చూడండి. నీళ్లు తగ్గితే గ్యాస్ కూడా ఆ సందులోంచే పైకి వస్తోంది. రబ్బరు చేత్తో తీసి కొత్తది పెట్టుకోవచ్చు, మెకానిక్ అక్కర్లేదు. కొత్తదైనా పాతదైనా శుభ్రం చేశాక సిలికాన్ స్ప్రే కొంచెం కొట్టండి. వాజెలిన్, వంటనూనె రాయొద్దు, రబ్బరు ఉబ్బుతుంది. లోపల తెల్లటి గార కట్టి ఉంటే క్యాసెట్ క్లీనర్‌ని గోరువెచ్చటి నీళ్లలో కలిపి, లేబుల్ చెప్పినంతసేపు ఉంచి కడగండి. అది మొదటి యజమాని మూత్రపు గార, కొత్త లిక్విడ్ ఎంత పోసినా దాని వాసన వస్తూనే ఉంటుంది. అప్పటికీ పోకపోతే కొత్త క్యాసెట్, కొత్త సీటు కలిపి ఒకే పెట్టెలో అమ్ముతారు. పాత కారవాన్ కొన్నవాళ్లకి నేను చెప్పే మొదటి ఖర్చు అదే. వేరే ఇంటివాళ్ల టాయిలెట్ వాడుతున్నామన్న భావన కూడా పోతుంది. సీజన్ అయిపోయి కారవాన్‌ని పెట్టేసేటప్పుడు క్యాసెట్ ఆరబెట్టి, బ్లేడ్ కొంచెం తెరిచి ఉంచండి, మూసి ఉంచితే రబ్బరు అతుక్కుపోతుంది.

ఆగస్టుకి ముందు మీరు చేయాల్సినవి: సైట్ వాళ్లకి "సెప్టిక్ ట్యాంక్‌కి సురక్షితమైన ఆకుపచ్చ లిక్విడ్ వాడతాం, సరేనా" అని తిరుగు మెయిల్ పెట్టండి. కొందరు ఆకుపచ్చ కూడా వద్దు, ఉత్త నీళ్లే అంటారు, అప్పుడు రోజూ ఖాళీ చేయాలి. ఇప్పుడు క్యాసెట్‌లో మిగిలిన నీలాన్ని వెళ్లే ముందే మెయిన్ డ్రైనేజ్ ఉన్న డిస్పోజల్ పాయింట్‌లో ఖాళీ చేసి, రెండు మూడుసార్లు బాగా కడగండి. రబ్బరు, క్యాసెట్ ఆర్డర్ పెట్టేముందు బయటి చిన్న తలుపు తెరిచి, క్యాసెట్ తీసి, లోపల అతికించి ఉన్న స్టిక్కర్ మీది మోడల్ నంబర్ ఫోటో తీసుకోండి. థెట్‌ఫర్డ్ వాళ్ల సి200, సి250, సి400 లాంటి మోడళ్లు కొత్తవాళ్లకి ఒకేలా అనిపిస్తాయి, ఒకదానిది ఇంకోదానికి పట్టకపోవచ్చు. నంబర్ అర్థం కాకపోతే ఆ ఫోటో ఇక్కడ పెట్టండి, ఏది కొనాలో చెబుతాను.